సున్నం బట్టీల బజారులో దోమలమ్మ

కోటేశ్వరి మనవరాలు హారిక డెంగీ జ్వరంతో పోయిందని ఫోను వచ్చిన తొమ్మిదో రోజున, పలకరించడానికి మా ఊరు వెళ్ళాను. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. నరసరావుపేట నుంచి మాచర్ల వైపు పోయే దారిలో, సున్నపురాయి నేల మీద పెరిగిన ఒక పట్టణం అంటే చాలు. పేరు రాస్తే, పని చెయ్యాల్సినవాళ్ళు ఆ పని పక్కనబెట్టి నా మీద నొచ్చుకుంటూ కూర్చుంటారు. నొచ్చుకోవడం మాత్రం వాళ్ళకి బాగా వచ్చు. కోటేశ్వరీ నేనూ ఒకే బజారులో పక్కపక్క ఇళ్ళలో పుట్టాం. నేను చదువుకుని టీచరునై గుంటూరు చేరాను. తను అక్కడే పుట్టి, అక్కడే పెళ్ళాడి, అక్కడే ముసలిదైంది. మనవరాలికి తొమ్మిదేళ్ళు. నాలుగు రోజులు ఒళ్ళు కాలిపోయి, ఐదో రోజు చల్లబడితే జ్వరం తగ్గిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారట. ఇడ్లీ కావాలని అడిగి తిన్నదట. ఆ సాయంత్రమే కడుపునొప్పితో మెలికలు తిరిగితే ఆసుపత్రికి ఎత్తుకుపోయారు. నడిచి తిరిగి రాలేదు.

బజారు మొదట్లో షామియానా, కుర్చీలు, మైకు కనిపించాయి. పొద్దున ఎనిమిదైనా కాలేదు. పిల్ల కోసం సంతాప సభ పెట్టారేమో అనుకుని నా కళ్ళు తడిశాయి. దగ్గరికి వెళ్తే తెలిసింది, అది దోమల నివారణ కోసం పెట్టిన పరిశుభ్రత కార్యక్రమం. ఫ్లెక్సీ నిండా చేతులు జోడించిన పెద్ద పెద్ద ముఖాలు, అడుగున ఒక మూల చిన్న దోమ బొమ్మ. ట్రాక్టరు ట్రక్కులో ఎండాకులు తెచ్చి, అప్పటికే ఊడ్చి నీళ్ళు చల్లిన సిమెంటు రోడ్డు మీద కుమ్మరిస్తున్నారు. తెల్లబట్టల నాయకుడొకాయన, ఆయన వెనక మరో పదిమంది, కవరు కూడా పూర్తిగా విప్పని కొత్త చీపుర్లు పట్టుకుని వరసగా నిలబడ్డారు. "ఇంకొంచెం వొంగండి సార్, మొకం ఇటు" అంటున్నాడు ఫోటోలు తీసే అబ్బాయి. ఆకుల్ని ఇటు నుంచి అటు తోశారు. ఫోటో సరిగా రాలేదని అటు నుంచి ఇటు తోశారు. పొగమిషను భుజాన వేసుకున్న అతను కుర్చీల చుట్టూ ఒకసారి తిరిగి, దగ్గొచ్చి ఆపేశాడు. వాళ్ళ వీపుల వెనక పదడుగుల దూరంలో, సగంలో ఆగిపోయిన ఒక కాంప్లెక్సు ఉంది. దాని సెల్లారు నిండా రొమ్ముల లోతు నీళ్ళు. ఆ సెల్లారు ప్రహరీకే ఫ్లెక్సీ తాళ్ళు కట్టారు. ఒక్కడంటే ఒక్కడు తల వెనక్కి తిప్పలేదు.

కోటేశ్వరి వాళ్ళ వసారాలో మునిసిపాలిటీ మనిషి ఒకతను రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కోటేశ్వరి గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని, అతని వైపు కాకుండా వాకిలి వైపు చూస్తోంది. నన్ను చూసి కూడా లేవలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"అదేనమ్మా, ఇక్కడో సంతకం పెడితే అయిపోద్ది," అన్నాడతను, కొత్తమనిషిని చూసి కొంచెం సర్దుకుని. "విషజ్వరం అని రాసుకున్నాం. ఏ దోమ కుట్టిందో మనకేం తెలుసు?"

"ఆసుపత్రి కాయితంలో డెంగీ అని ఉంది గదయ్యా," అంది కోటేశ్వరి.

"అది వాళ్ళు రాసేది వాళ్ళు రాస్తారు. మా దాంట్లో మా మాదిరి రాయాల."

కోటేశ్వరి నా వైపు తిరిగి, "రత్తాలూ, మీ రావమ్మత్త ఉండుంటే ఈణ్ణి ఈ పాటికి రిజిస్టరుతో సహా కాలవలో వేసేది గదే," అంది. అతను లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. సంతకం లేకుండానే రాసుకుంటాడు, నాకు తెలుసు. నా ఒళ్ళు మండిపోతోంది. ఆ మంటలోనే రావమ్మత్త గుర్తొచ్చింది. అసలు ఆమెను నేను తలచుకుని ఎన్నాళ్ళైందో కూడా అప్పుడే గుర్తొచ్చింది.

రావమ్మత్త మా నాన్నకి అక్క. భర్త లారీ కింద పడి పోతే కూతురు ఝాన్సీని చంకనేసుకుని మా ఇంటికి వచ్చేసింది. మా బజారుకి సున్నం బట్టీల బజారని పేరు ఊరికే రాలేదు. బజారు చివర రెండు బట్టీలుండేవి. రాయిని బొగ్గుతో పేర్చి కాలుస్తారు. కాలిన రాయి మీద నీళ్ళు కొడితే అది బుసబుసా పొంగి, పగిలి, పిండి అవుతుంది. రాయి పేర్చడం, దించడం మగవాళ్ళ పని. నీళ్ళు కొట్టడం, జల్లించడం ఆడవాళ్ళ పని. అమ్మా అత్తా పొద్దున నల్లగా వెళ్ళి సాయంత్రానికి కనుబొమలతో సహా తెల్లగా వచ్చేవాళ్ళు. వస్తూనే నీళ్ళు తాకడానికి లేదు, తాకితే ఒంటి మీది సున్నం కాలుతుంది. ముందు ఆముదం రాసుకోవాలి. వాకిట్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మోచేతుల దాకా ఆముదం మర్దనా చేసుకుంటుంటే, ఆ జిడ్డు వాసనా, బట్టీ బొగ్గు పొగా, లోపల నాయనమ్మ పొయ్యి మీద ఉడికే జొన్నసంకటి వాసనా కలిసిపోయేవి. నాయనమ్మకి సాయంత్రం ఒక పని ఉండేది. కుంపట్లో పచ్చి వేపాకు వేసి, ఆ పొగ ఇంట్లో ప్రతి మూలకీ చూపించేది. చూపిస్తూ దోమల్ని తన ఆడబిడ్డల పేర్లు పెట్టి తిట్టేది. "పోవే మాణిక్యం, పోవే ఆదెమ్మా, ఇంకెంత తాగుతారే నా రక్తం!" అనేది. నేనూ ఝాన్సీ ఒకే దుప్పట్లో దూరి, నోళ్ళు నొక్కుకుని నవ్వుకునేవాళ్ళం. పొగకి దోమలు పోయేవి కావు, మాకు దగ్గు మాత్రం వచ్చేది. ఒంటి నిండా దద్దుర్లుండటం వానాకాలం లెక్కలో ఒకటి, అంతే. దోమలు జబ్బు తెస్తాయని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ వానాకాలంలో ఝాన్సీకి చలిజ్వరం పట్టుకుంది. మధ్యాహ్నం పూట వణుకు మొదలయ్యేది. దుప్పట్లు చాలక గోనెసంచులు కప్పితే, వాటి కింద కూడా పళ్ళు టకటకలాడేవి. గంట తర్వాత చెమటలు పోసి, లేచి ఆడుకునేది. మర్నాడు బాగుండేది. ఆ మర్నాడు మళ్ళీ వణుకు. రోజు విడిచి రోజు వస్తుంటే నాయనమ్మ అది గాలి చేష్టని తాయెత్తు కట్టించింది. మలేరియా పని చూసే ఖాసిం గారు సైకిల్ మీద వచ్చి, ఝాన్సీ వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తపు చుక్క అద్దుకుని, నాలుగు చేదు బిళ్ళలిచ్చి వెళ్ళాడు. "రిపోర్టు రాగానే మిగతా మందు తెస్తానమ్మా" అన్నాడు. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో ఝాన్సీకి వణుకు రాలేదు, తెలివి తప్పింది. నాన్న ఎడ్లబండి కట్టించాడు. రైలుగేటు దగ్గర బండి ఆగింది. గేటు తెరిచేసరికి అత్త ఒళ్ళో పిల్ల చల్లబడిపోయింది. మా ఇద్దరికీ పదకొండేళ్ళు. ఆ రోజు నుంచి దుప్పటి మొత్తం నాదే అయింది. అందులో నాకు నిద్ర పట్టేది కాదు.

రిపోర్టు ఆ తర్వాత వచ్చింది. ఖాసిం గారు మందుబిళ్ళల పొట్లం చేత్తో పట్టుకుని మా వాకిట్లో సైకిల్ దిగాడు. సంగతి తెలిసి, పొట్లం జేబులో పెట్టుకుందామా వద్దా అన్నట్టు అట్లాగే నిలబడిపోయాడు. పాపం, ఆయన ఒక్కడే పదిహేను ఊళ్ళు తిరగాలి. అత్త ఆయన్ని తిట్టలేదు. కొంగు దోపుకుని లేచి, "నా బిడ్డని కుట్టింది యాడుంటదో చూపించయ్యా" అంది.

"ఇప్పుడెందుకులే చెల్లెమ్మా..."

"చూపించు."

ఆయన మమ్మల్ని బట్టీ వెనక గుంట దగ్గరికి తీసుకెళ్ళాడు. రాయి తీసిన గుంట, వాననీళ్ళతో నిండి ఉండేది. సున్నం మీద కొట్టడానికి ఆడవాళ్ళు అందులో నుంచే నీళ్ళు తోడేవాళ్ళు. ఆయన సంచిలోంచి తెల్ల గరిటె తీసి, గట్టు వార నీళ్ళు ముంచి అత్త ముందు పెట్టాడు. గరిటెలో సన్నటి నల్లటి పురుగులు అటూ ఇటూ కదులుతున్నాయి. మేం రోజూ చూసే పురుగులే. నేనూ ఝాన్సీ దోసిట్లో పట్టుకుని ఆడుకున్న పురుగులే.

"ఇయ్యా?" అంది అత్త.

"ఇయ్యేనమ్మా. వారం, పది రోజుల్లో రెక్కలొచ్చి లెగుస్తయ్. వారానికోసారి నీళ్ళు కదిలించి కడిగితే లెగవ్వు. అంతే, ఇందులో మంత్రం లేదు."

బట్టీకి ఆదివారం సెలవు. ఆ ఆదివారం పొద్దున్నే అత్త చీపురు, కొబ్బరిపీచు తీసుకుని బజారు ఆ చివర నుంచి ఈ చివరికి ఇల్లిల్లూ తిరిగింది. పిలవకుండానే పెరట్లోకి వెళ్ళి నీళ్ళతొట్టి, కుండ, పశువుల కుడితి గోలెం, పగిలిన మూకుడుతో సహా అన్నింట్లోకీ తొంగిచూసింది. మొదటి వారం జాలిపడ్డారు. బిడ్డ పోయిన మనిషి, మతి చెదిరిందన్నారు. రెండోవారం విసుక్కున్నారు. మూడోవారం తలుపులు వేసుకున్నారు. తలుపు వేస్తే అరుగు మీద కూర్చునేది. "నీళ్ళు చూస్తే పోతా. నిన్నేం అడగను," అనేది. తియ్యక ఛస్తారా, తీసేవాళ్ళు. కోటేశ్వరి వాళ్ళమ్మ ఒకరోజు, "వచ్చిందమ్మా దోమలమ్మ!" అంది. ఆ పేరు అట్లా నిలబడిపోయింది.

నేను కూడా ఆమెకి ఎదురు తిరిగాను. ఇది చెప్పడానికి సిగ్గుగానే ఉంది. మా బజారులో మంచినీళ్ళు లేవు. రైలుగేటు అవతల మోటబావి నుంచి బిందెతో మోసుకురావాలి. పెరటి తొట్టి నింపడం నా పని. పది బిందెలు పడితేగాని నిండదు. ఆదివారం వస్తే అత్త ఆ నీళ్ళు పారబోయిస్తుందని, శనివారం సాయంత్రమే తొట్టి మీద నాపరాయి పలక జరిపి, దాని మీద కట్టెలు పేర్చాను. "మన తొట్టి కడిగేశాలే అత్తా" అన్నాను. ఆమె కట్టెలు తీసి, పలక జరిపి చూసింది. పురుగులు. దెబ్బలు పడతాయనుకుని కళ్ళు మూసుకున్నాను. అత్త నా అరచేతులు తిప్పి చూసింది. బిందె తాడు ఒరుసుకుపోయి కాయలు కాసి ఉన్నాయి.

"పారబోయమని నేనెప్పుడు జెప్పానే? నీళ్ళు పారబోయబాక. గుడ్డేసి వడగట్టు, తొట్టి గోడలు రుద్ది కడుగు, మళ్ళా అయ్యే నీళ్ళు పొయ్యి," అంది. తన పాత వాయిలు చీర చించి నాలుగు మడతలు పెట్టి, వడగట్టడం ఎట్లాగో చూపించింది. గోడలకి అంటుకున్న గుడ్లు పోవాలంటే పీచుతో రుద్దాలని చెప్పింది. తర్వాత ఆదివారం నుంచి ఆ గుడ్డ పట్టుకుని ప్రతి ఇంటికీ వెళ్ళింది. నీళ్ళు పోవని తెలిసేసరికి ఆడవాళ్ళు తలుపులు వేసుకోవడం మానేశారు. మా ఊళ్ళో నీటి చుక్క ఎంత బరువో మోసినవాళ్ళకే తెలుసు. అత్త ఆ బరువు తెలుసుకున్నాకే ఆమె మాట ఎవరికైనా ఎక్కింది.

కానీ అసలు గుంట అట్లాగే ఉంది. అది బట్టీ షావుకారుది. అత్త ముందు మాటతోనే అడిగింది, ఆయన నవ్వి ఊరుకున్నాడు. అప్పుడు ఆదివారాలు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని, బట్టీ పక్కన గుట్టలుగా పడి ఉన్న బూడిద, రాళ్ళ పొట్టు గంపలకెత్తి గుంటలో పొయ్యడం మొదలుపెట్టింది. మొదట నలుగురు, తర్వాత పదిమంది. ఇంట్లో నాన్న అన్నం ముందు కూర్చుని తినకుండా, "అక్కా, నా కూడు పోగొట్టబాకే. ఆయన పిలిచి అడిగితే నేనేం చెప్పాల?" అన్నాడు.

"మా అక్కకి పిచ్చని జెప్పు. నీ కూడు నీకుంటది," అంది అత్త.

షావుకారు రానే వచ్చాడు. బుల్లెట్ బండి స్టాండు కూడా వెయ్యకుండా, కాలు నేలకానించి అరిచాడు.

"ఏందే రావమ్మా! ఎవర్నడిగి నా గుంట పూడుస్తన్నావ్?"

"అడిగా గదండీ. మీరు నవ్వారు."

"సున్నానికి నీళ్ళు మీ అయ్య తెస్తాడా?"

"ఆ పక్కన ఉప్పునీళ్ళ బోరు ఉంది. కాస్త దూరం, మేమే మోస్తాం. ఇందులో నీళ్ళు మాత్రం తోడం."

"తోడకపోతే రేపట్నించి రాబాక."

"నేను రాను లెండి," అంది అత్త. గంప నెత్తిన పెట్టుకుని, ఆయన చూస్తుండగానే గుంటలో బోర్లించింది. భయం లేక కాదు. ఆయన చేసిన అన్యాయాన్ని ఆయన కళ్ళ ముందు నిలబెట్టకుండా ఆ రోజు ఇంటికి వెళ్ళలేకపోయింది, అంతే.

సోమవారం అత్త పనికి వెళ్ళలేదు. మిగతా ఆడవాళ్ళు వెళ్ళారు. వెళ్ళి, బట్టీ నీడలో కూర్చున్నారు. మా అమ్మ కూడా కూర్చుంది. అమ్మ ఇంట్లో నాన్నకి కూడా ఎదురు చెప్పని మనిషి. మేస్త్రీ బెదిరించాడు, బతిమాలాడు. "బోరు నీళ్ళయితే కొడతాం" అన్నారు, అంతే. రెండు రోజులు గడిచాయి. కాలిన రాయి దించి గుట్టలు పోసి ఉంది. మూడో రోజు పడమర మబ్బు పట్టింది. కాలిన రాయి మీద వాన పడిందంటే ఎక్కడిదక్కడే ఉడికి, బురదై పోతుంది. పనికిరాదు. షావుకారు మబ్బు వైపు చూశాడు, గుట్ట వైపు చూశాడు, ఆడవాళ్ళ వైపు చూశాడు. "పూడ్చుకోండి! పూడ్చుకుని దాంట్లోనే పడి చావండి!" అని బండెక్కి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు లేచి, వాన పడేలోగా బోరు నీళ్ళతో గుట్ట మొత్తం కొట్టేశారు. నాలుగు ఆదివారాల్లో గుంట నేలమట్టమైంది. ఆఖరి ఆదివారం మగవాళ్ళు కూడా వచ్చారు. నాన్న గంప పట్టుకుని వచ్చి, అక్క మొహం చూడకుండా మోశాడు.

అత్తని మాత్రం షావుకారు మళ్ళీ పనిలోకి రానివ్వలేదు. ఆమె కోసం ఇంకోసారి కూర్చుందామని ఎవరూ అనలేదు. ఇది కూడా రాయాలి, లేకపోతే మా బజారువాళ్ళని దేవతల్ని చేసినట్టవుతుంది. ఆమె మిరపకాయల కల్లాల్లో తొడిమలు తీసే పనికి వెళ్ళింది. సున్నంతో పగిలిన చేతుల్లోకి కారం దిగి, సాయంత్రాలు చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. మరుసటేడు వానాకాలంలో మా బజారులో చలిజ్వరంతో ఏ పిల్లా పోలేదు. అత్త ఆదివారాల తిరుగుడు ఆపలేదు. ఒకసారి మా హైస్కూలుకి వచ్చి, పిల్లలు తాగే నీళ్ళ డ్రమ్ములోకి చూస్తానని హెడ్మాస్టరుతో వాదన పెట్టుకుంది. క్లాసంతా కిటికీల్లోంచి చూసి, "దోమలమ్మ, దోమలమ్మ" అని నవ్వారు. ఆవిడ మీ అత్త గదా అని పక్కపిల్ల అడిగితే, "మా బజారావిడ" అన్నాను. అత్త కిటికీ వైపు చూసింది. నన్ను చూసిందో లేదో తెలియదు. చూసి ఉంటే, ఇంటికొచ్చాక ఒక్క మాటైనా అనలేదు. తర్వాత నేను ముప్పై ఏళ్ళు పరిశుభ్రత పాఠం చెప్పాను. దోమ బొమ్మ గీయించాను, ప్రశ్నలు రాయించాను, మార్కులు వేశాను. ఒక్క క్లాసులో కూడా మా రావమ్మత్త గురించి చెప్పలేదు. ఎవరి మీద కోపం రాసినా, ముందు ఈ మాట రాసుకుని రాయాలి నేను.

ఇదంతా మనసులో తిరుగుతుండగా, బయట మైకులో ఎవరో "ప్రజలే నిర్లక్ష్యంగా ఉంటున్నారు, ఇళ్ళలో డ్రమ్ముల్లో నీళ్ళు నిలవ పెట్టుకుంటున్నారు" అంటున్నారు. కోటేశ్వరి పెరట్లోకి చూశాను. మూడు నీలం డ్రమ్ములు, మూతల మీద గుడ్డ బిగించి కట్టి ఉన్నాయి. కుళాయి నాలుగు రోజులకోసారి వస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియదు. నీళ్ళు సరిగా ఇవ్వనివాడే, నీళ్ళు ఎందుకు దాచుకున్నావని మైకులో అడుగుతున్నాడు. అప్పటి షావుకారు దుర్మార్గుడే, కానీ గుంట నాదే అని ఒప్పుకున్నాడు. ఎదురుగా నిలబడి అరవడానికి ఒక ముఖం ఉండేది. ఈ సెల్లారు ఎవరిదని కోటేశ్వరిని అడిగితే, ముగ్గురు భాగస్తులట, వాళ్ళ మధ్య కోర్టు కేసట, ఒకడు హైదరాబాదులో ఉంటాడట. రెండు వానాకాలాల నుంచి బజారువాళ్ళు అర్జీలు ఇస్తూనే ఉన్నారట. అర్జీ తీసుకున్న ప్రతివాడూ తలూపాడట.

లేచి షామియానా దగ్గరికి వెళ్ళాను. ఒక కుర్రనాయకుడు నన్ను గుర్తుపట్టి, "మన ఊరి టీచరుగారు! పరిశుభ్రత మీద రెండు మాటలు చెప్తారు" అని మైకు నా చేతికిచ్చాడు. పాపం, అతనికేం తెలుసు.

"ఈ బజారులో ఒక పిల్ల పోయి తొమ్మిది రోజులైంది," అన్నాను. "పేరు హారిక. మీ ఫ్లెక్సీలో ఇన్ని ముఖాలున్నాయి, ఆ పిల్ల ముఖం లేదు. మీరు ఊడ్చిన ఆకులు మీరు తెచ్చినవే. మీ వెనక ఉన్న నీళ్ళు మాత్రం మీరు చూడట్లేదు. ఒక్కసారి వెనక్కి తిరగండి. అందరూ తిరగండి."

మైకు ఆగిపోయింది. "టీచరుగారూ, ఇది దానికి వేదిక కాదండీ" అన్నాడు కుర్రనాయకుడు. నా గొంతుకి మైకు అక్కర్లేదు, ముప్పై ఏళ్ళు అరవైమంది పిల్లలకి వినపడేలా చెప్పిన గొంతు. "ఆ నీళ్ళు తోడిందాకా నేను లెగవను" అని ముందువరస కుర్చీలో కూర్చున్నాను. ఒక్కదాన్నే. పెద్ద నాయకుడు వాచీ చూసుకుని కారెక్కాడు. కాసేపటికి పక్కింటి కోడలు నైటీ మీద చున్నీ వేసుకుని, చంటిపిల్లని ఎత్తుకుని వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. తర్వాత ఇంకో ఇద్దరు. తర్వాత లెక్కపెట్టలేదు. పదిన్నరకి ఈ షామియానా, ఈ కుర్చీలు, ఈ ఫ్లెక్సీయే ఇంకో బజారుకి పోవాలట, అక్కడ కూడా ఇదే ఫోటో తియ్యాలట. టెంటు మనిషి కుర్చీలు లాగబోతే పక్కింటి కోడలు, "నా బిడ్డతో సహా ఎత్తి ట్రాక్టరులో వేసుకో" అంది. అతను ఫోను తీసి, "సార్, ఆడోళ్ళు లెగట్లేదండీ... చానామంది ఉన్నారు సార్... కాదండీ, కొట్టుకోవట్లేదు, ఊరికే కూర్చున్నారు" అని చెప్పడం మా అందరికీ వినిపించింది.

రెండేళ్ళ అర్జీలకి రానివి, పది గంటలకి వచ్చాయి. పొలాల్లో వాడే ఆయిలింజన్లు రెండు, లావు గొట్టాలతో సహా. అన్నాళ్ళూ ఎక్కడుందో ఎవరికీ తెలియదన్న సెల్లారు గేటు తాళం చెవి కూడా వచ్చింది. ఇంజన్లు దడదడలాడుతుంటే నల్లటి నీళ్ళు కాలవలోకి ఉరికాయి. కంపు భరించలేక కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకున్నాం గానీ, ఒక్కరూ లేవలేదు. మధ్యాహ్నం అన్నాల వేళ దాటేసరికి గొట్టాలు గాలి పీల్చడం మొదలుపెట్టాయి. అడుగున బురద, సిమెంటు సంచులు, ప్లాస్టిక్ సీసాలు, పాచి పట్టిన మెట్లు బయటపడ్డాయి. ఇంజన్ల మనిషి ఆపేసి, చేతులు తుడుచుకున్నాడు. అంత రొద తర్వాత బజారు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దానికి కాబోలు కోటేశ్వరి ఇంట్లోంచి బయటికొచ్చింది. తొమ్మిది రోజుల తర్వాత వాకిలి దాటడం అదే మొదలని పక్కింటి కోడలు చెప్పింది. నేను ఎదురెళ్ళి పట్టుకోబోతే వద్దంది. గేటు దగ్గర నిలబడి, ఖాళీ సెల్లారులోకి చానాసేపు చూసింది. గెలిచామన్న మాట ఎవరో అనబోయి, ఆమె మొహం చూసి మింగేశారు.

"పొద్దున పదింటికి మొదలెట్టారు గదే," అంది.

"అవునే."

"అన్నాల వేళకి అయిపోయింది."

నేను తలూపాను.

"ఇంతేనా రత్తాలూ?" అంది కోటేశ్వరి. "ఒక్క పూట పనేనా ఇది?"